షుగర్ మాత్ర అంటే ఏ మాత్ర? భోజనం తప్పిన రోజు తేలే లెక్క

"ఈ పూట ఏమీ తినలేదు, షుగర్ మాత్ర వేసుకోవచ్చా?" విశాఖలో జగదాంబ దగ్గర మందుల షాపు కౌంటర్ మీదైనా, కేజీహెచ్ (పెద్దాసుపత్రి) ఓపీ వరండాలోనైనా రోజూ వినిపించే ప్రశ్న ఇది. దీనికి ఒక్క జవాబు లేదు. గ్లిమెపిరైడ్ అయితే వేసుకోకూడదు. సిటాగ్లిప్టిన్ అయితే వేసుకోవచ్చు. వోగ్లిబోస్ అయితే వేసుకున్నా ఉపయోగం లేదు. మెట్‌ఫార్మిన్‌తో షుగర్ పడిపోదు గానీ ఖాళీ కడుపులో వికారం పెడుతుంది. డాపాగ్లిఫ్లోజిన్ అయితే ఎందుకు తినలేదు, ఇంకా ఎంతసేపు తినబోరు అని అడిగాకే చెప్పాలి. పైగా మన దగ్గర చాలామంది మింగే ఒక్క మాత్రలో వీటిలో రెండో మూడో కలిసి ఉంటాయి. ‘షుగర్ మాత్ర’ అని ఒకే పేరుతో పిలవడం వల్ల వీటి నియమాలన్నీ కలగాపులగం అయిపోయాయి. మంచి మాత్ర ఏది అని అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు. నా మాత్రలో ఏముంది అని అడిగేవాళ్లు తక్కువ. ముందు అడగాల్సింది రెండో ప్రశ్న.

స్ట్రిప్ వెనక చదవడం

టైప్ 2 షుగర్‌కి నోటితో వేసుకునే మందులు ఒంట్లో ఎక్కడ పనిచేస్తాయన్నదాన్ని బట్టి గుంపులుగా విడిపోతాయి. కాలేయం తనంతట తాను రక్తంలోకి వదిలే గ్లూకోజును తగ్గించేది మెట్‌ఫార్మిన్. తిన్నా తినకపోయినా క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయించేవి గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, పాత గ్లిబెన్‌క్లమైడ్. తిన్నాక షుగర్ పెరిగినప్పుడే ఇన్సులిన్‌ను పెంచేవి పేరు చివర ‘గ్లిప్టిన్’ ఉన్నవి. అదనపు గ్లూకోజును మూత్రంలో పంపేసేవి పేరు చివర ‘గ్లిఫ్లోజిన్’ ఉన్నవి. పేగులో పిండిపదార్థం విడిపోవడాన్ని ఆలస్యం చేసేవి వోగ్లిబోస్, అకార్బోస్. కండరాలు, కొవ్వు కణాలు ఇన్సులిన్‌కి బాగా స్పందించేలా చేసేది పయోగ్లిటజోన్.

స్ట్రిప్ ముందు వైపు పెద్దక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు. మందు పేరు, మిల్లీగ్రాములు వెనక వైపు చిన్నక్షరాల్లో ఉంటాయి. కంపెనీ పేరు పక్కన ఎం1, జీ2, ఎంవీ, పీ, ఫోర్టె అని తోకలు కనబడతాయి. మామూలుగా 1, 2 అంకెలు గ్లిమెపిరైడ్ ఎన్ని మిల్లీగ్రాములో చెబుతాయి. దానితోపాటు మెట్‌ఫార్మిన్ 500 ఉంటుంది. ఫోర్టె అంటే చాలా కంపెనీల్లో మెట్‌ఫార్మిన్ 1000. వీ ఉంటే వోగ్లిబోస్, పీ ఉంటే పయోగ్లిటజోన్. అయితే ఇవి చట్టం పెట్టిన పేర్లు కావు, కంపెనీని బట్టి మారతాయి. అందుకే ‘ఎం2 ఇవ్వండి’ అని అడిగి తెచ్చుకున్నాక కూడా వెనక తిప్పి చదవాలి. ఎం1 బదులు ఎం2 వచ్చిందంటే మెట్‌ఫార్మిన్ మారదు, గ్లిమెపిరైడ్ మాత్రం రెట్టింపు అవుతుంది.

షాపులో పది మాత్రల స్ట్రిప్‌ను కత్తిరించి నాలుగు ఇస్తే, మందు పేరున్న ముక్క ఒకరికి, గడువు తేదీ ఉన్న ముక్క ఇంకొకరికి పోతుంది. నెలంతా వేసుకునే మందుకి పూర్తి స్ట్రిప్పులే తీసుకోవాలి. వాటిలో ఒకదాన్ని పూర్తిగా వాడేవరకు పేరున్న అంచు చింపకుండా ఉంచాలి. రాత్రి రెండు గంటలకు ఆసుపత్రికి పరుగెత్తాల్సి వస్తే డ్యూటీ డాక్టర్‌కి మొదట పనికొచ్చేది ఆ ముక్కే.

ఇంకో సంగతి. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర చాలావరకు రెండు పొరలుగా ఉంటుంది. ఒక పొర వెంటనే కరుగుతుంది, మెట్‌ఫార్మిన్ పొర గంటల తరబడి మెల్లగా వదులుతుంది. షుగర్ కాస్త తగ్గింది కదా అని దాన్ని సగానికి విరిస్తే మోతాదు సగం అవుతుందన్న నమ్మకం లేదు, మెల్లగా వదిలే ఏర్పాటూ చెడిపోతుంది. ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్, ఈఆర్, ఎంఆర్ అని ఉన్నవేవీ నమలకూడదు, నూరకూడదు. మోతాదు తగ్గాలంటే తక్కువ మోతాదు మాత్రే రాయించుకోవాలి.

గ్లిమెపిరైడ్: చవక, బలం, జాగ్రత్త

ఈ గుంపుకి ఎక్కువ చోటు ఇవ్వక తప్పదు. నోటి మందుల వల్ల షుగర్ పడిపోయి ఆసుపత్రికి వచ్చేవారిలో ఎక్కువమంది విషయంలో కారణం ఇదే.

గ్లిమెపిరైడ్ చవక, బాగా పనిచేస్తుంది, ప్రభుత్వ ఆసుపత్రుల్లో దొరుకుతుంది. మూడు నెలల షుగర్‌ను, అంటే హెచ్‌బీఏ1సీని, సుమారు ఒకటి నుంచి ఒకటిన్నర శాతం దాకా దించుతుంది. మోతాదు 1 మి.గ్రా.తో మొదలవుతుంది, చాలామందికి 4 దాటి పెంచినా అదనంగా ఒరిగేది తక్కువ. రోజులో మొదటి గట్టి ఆహారానికి కాస్త ముందు గానీ, తింటూ గానీ వేసుకోవాలి. గట్టి ఆహారం అంటే రెండు బిస్కెట్లు, టీ కాదు. పొద్దున మాత్ర వేసుకుని, టీ తాగి, పన్నెండింటికి టిఫిన్ చేసేవారికి పదకొండు గంటలకే చెమటలు పడతాయి. మాత్ర పని ఇరవైనాలుగు గంటలు ఉంటుంది కాబట్టి రాత్రి భోజనం ఎగ్గొట్టినా తెల్లవారుజామున ఇబ్బంది రావచ్చు.

గిరి ప్రదక్షిణ రోజునే ఉదాహరణగా చూడండి. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం తొలిపావంచా దగ్గర మొదలయ్యే నడక సుమారు 32 కిలోమీటర్లు. హనుమంతవాక, అప్పూఘర్, వెంకోజీపాలెం, మాధవధార, గోపాలపట్నం మీదుగా రాత్రంతా సాగుతుంది. కొందరు ఆ రోజు ఉపవాసం ఉంటారు. పొద్దున వేసుకున్న గ్లిమెపిరైడ్ అప్పటికి ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. నడిచే కండరాలు ఇన్సులిన్ సాయం లేకుండానే గ్లూకోజును లాగేసుకుంటాయి, కడుపులోకి ఏమీ వెళ్లదు. నడక ఆగిన తర్వాత కూడా కండరాలు ఖర్చయిన నిల్వను నింపుకుంటూనే ఉంటాయి, కాబట్టి ఇంటికొచ్చి పడుకున్నాక షుగర్ పడిపోయే వీలుంది. ఆ రోజు గ్లిమెపిరైడ్ తగ్గించాలా, పూర్తిగా మానాలా అన్నది వారం ముందే డాక్టర్‌ను అడిగి రాయించుకోవాలి. జేబులో గ్లూకోజ్ పొడి ఉండాలి. పాదాలకు స్పర్శ తగ్గినవారు చెప్పులు లేకుండా అంత దూరం నడవకపోవడం మేలు. దారిలో ఇచ్చే ప్రసాదం, మజ్జిగ మొహమాటపడకుండా తీసుకోవచ్చు. కార్తీక సోమవారాల ఉపవాసానికీ ఇదే లెక్క.

అంతగా ఎవరూ పట్టించుకోని ఇంకో సందర్భం ఫిషింగ్ హార్బర్‌లో ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. బోటు మీద వలలు లాగే మనిషి రెండు నెలలు ఒడ్డున కూర్చుంటే షుగర్ పెరుగుతుంది. ఆ నెలల్లో పరీక్ష చేయిస్తే మోతాదూ పెరుగుతుంది. జూన్ మధ్యలో వేట మళ్లీ మొదలయ్యాక అదే మోతాదు ఎక్కువైపోవచ్చు. అదీ ఒడ్డుకు దూరంగా, ఆసుపత్రి లేని చోట. భవన నిర్మాణ కూలీలు, పోర్టులో లోడింగ్ పనివారు కూడా పని మానిన రోజుల్లో మోతాదు మారిందా, పనిలో ఉండగా మారిందా అన్నది డాక్టర్‌కి తప్పక చెప్పాలి.

కిడ్నీ పని తగ్గినకొద్దీ ఈ గుంపు మందులు ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తాయి. గ్లిబెన్‌క్లమైడ్ అందరికంటే మొండిది, వయసు పైబడినవారికి ఇప్పుడు వద్దంటున్నారు. ఇంట్లో పాత చీటీ మీద అది ఇంకా నడుస్తుంటే మార్పించాలి. గ్లిక్లజైడ్‌లో ఇంకో తిరకాసు ఉంది. మామూలు 80 మి.గ్రా. మాత్ర, మెల్లగా వదిలే 30 మి.గ్రా. ఎంఆర్ మాత్ర దాదాపు సమానం. 80 పెద్దది, 60 చిన్నది అనుకుని ‘80 లేదండీ, 60 ఎంఆర్ వేసుకోండి’ అన్న షాపువాడి మాట వింటే మోతాదు రెట్టింపైనట్టే.

వేరే మందులు కూడా దీన్ని రెచ్చగొడతాయి. ఫంగస్‌కి ఇచ్చే ఫ్లూకోనజోల్ కాలేయంలో గ్లిమెపిరైడ్ విరగకుండా అడ్డుకుంటుంది. క్లారిత్రోమైసిన్, కోట్రైమాక్సజోల్, లీవోఫ్లోక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లతోనూ షుగర్ పడిపోయే అవకాశం పెరుగుతుంది. ఈ కోర్సు వాడే రోజుల్లో గ్లూకోమీటర్‌తో రోజుకు రెండు మూడుసార్లు చూసుకోవాలి. మద్యం తాగిన మర్నాడు పొద్దున మరీ జాగ్రత్త. కాలేయం మద్యాన్ని వదిలించుకునే పనిలో ఉండి గ్లూకోజు తయారీని పక్కన పెట్టేస్తుంది.

షుగర్ డౌన్ అయినప్పుడు

గ్లూకోమీటర్‌లో 70 కంటే తక్కువ అయితే లో షుగర్. 54 కంటే తక్కువైతే మెదడుకి ముప్పు మొదలైనట్టు. చెమట, వణుకు, గుండెదడ, ఒక్కసారిగా ఆకలి, కారణం లేని చిరాకు, మాట తడబడటం దీని గుర్తులు. బీపీకో గుండెకో మెటోప్రొలాల్, ప్రొప్రనలాల్ లాంటివి వాడేవారిలో దడ, వణుకు తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది. నాన్నగారు ఊరికే కసురుకుంటున్నారు, ఒళ్లు చల్లగా తడిగా ఉంది అంటే ముందు వేలికి సూది పెట్టి చూడాలి. మీటర్ దగ్గర లేకపోతే లో షుగర్ అనుకునే తీపి పెట్టాలి.

పదిహేను గ్రాముల గ్లూకోజు చాలు: మూడు టీ చెంచాల గ్లూకోజ్ పొడి అరగ్లాసు నీళ్లలో. పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి. 70 దాటకపోతే ఇంకోసారి అంతే. దాటాక ఇడ్లీయో, పెరుగన్నమో, అరటిపండు పాలో తినాలి, లేకపోతే మళ్లీ పడుతుంది. పొడి లేకపోతే 150 మి.లీ. కూల్‌డ్రింక్ పనికొస్తుంది, డైట్ రకం పనికిరాదు. మాడుగుల హల్వా ఈ పనికి కుదరదు. అందులోని నెయ్యి తీపి రక్తంలోకి చేరడాన్ని ఆలస్యం చేస్తుంది.

ఇక్కడే వోగ్లిబోస్ చిక్కు పెడుతుంది. వోగ్లిబోస్, అకార్బోస్ పేగులో పంచదారను గ్లూకోజుగా విడగొట్టే ఎంజైమును ఆపుతాయి. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, వోగ్లిబోస్ మూడూ కలిసిన మాత్ర వేసుకున్నవారికి షుగర్ పడిపోయినప్పుడు పంచదార నీళ్లు, అనకాపల్లి బెల్లం ముక్క సరిగ్గా సమయానికి పనిచేయవు. వారికి గ్లూకోజే కావాలి. తోకలో వీ ఉన్న మాత్ర వాడే ఇంట్లో గ్లూకోజ్ పొడి డబ్బా ఉండి తీరాలి. గ్లూకోజ్ దొరక్కపోతే ఏదో ఒక తీపి ఇస్తూనే ఆసుపత్రికి బయలుదేరాలి.

మనిషి మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పోయకూడదు. ఒక పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. గ్లిమెపిరైడ్ వల్ల షుగర్ పడితే, తేరుకున్నాక కూడా ‘లేచి కూర్చున్నారు కదా’ అని ఇంటికి తెచ్చేయకూడదు. మందు ఒంట్లో ఉన్నంతసేపు మళ్లీ మళ్లీ పడొచ్చు. వయసు పైబడినవారిని, కిడ్నీ జబ్బున్నవారిని ఒక రోజైనా ఆసుపత్రిలో ఉంచి చూడటం అందుకే.

మెట్‌ఫార్మిన్

1957లో ఫ్రాన్సులో మనుషుల మీద దీని పనితనం వెలువడింది. ఇన్నేళ్ల తర్వాత కూడా చాలామందికి మొదట రాసే మందు ఇదే. బరువు పెంచదు. ఒంటరిగా వాడితే షుగర్‌ను ప్రమాదకరంగా పడనివ్వదు. ధర బాగా తక్కువ. మానేసేవారిలో ఎక్కువమంది కడుపు ఇబ్బంది వల్లే మానేస్తారు: వికారం, నోట్లో ఇనుము రుచి, విరేచనాలు. ఇది మందు మార్చుకోవాల్సిన సమస్య అవ్వకముందే మోతాదు పెంచే తీరుతో సరిదిద్దుకోవచ్చు. రాత్రి భోజనం మధ్యలోనో, అవగానేనో 500 మి.గ్రా.తో మొదలుపెట్టి, వారానికో 500 చొప్పున పెంచుతూ 1500–2000 దాకా వెళ్లాలి. మొదటిరోజే పొద్దున, రాత్రి 1000 అంటే చాలా కడుపులు తట్టుకోవు. విరేచనాలు ఆగకపోతే ఎస్‌ఆర్ రకం అడగాలి. ఎస్‌ఆర్ మాత్ర లోపలి మందు కరిగిపోయాక మెత్తని తొక్క మలంలో కనబడవచ్చు. మాత్ర అరగలేదని కంగారు పడక్కర్లేదు.

కిడ్నీని మెట్‌ఫార్మిన్ పాడుచేస్తుందన్న మాట ఊరంతా తిరుగుతోంది. నిజం దీనికి తలకిందులు. కిడ్నీ పాడైతే మెట్‌ఫార్మిన్ బయటికి పోక ఒంట్లో పేరుకుంటుంది, అరుదుగా రక్తంలో లాక్టిక్ ఆమ్లం ప్రమాదకరంగా పెరుగుతుంది. అందుకే క్రియాటినిన్ పరీక్ష రిపోర్టులో ఈజీఎఫ్‌ఆర్ అన్న అంకె, అంటే కిడ్నీ వడపోత వేగం, చూడాలి. 45 కంటే తగ్గితే మోతాదు సగానికి, అంటే రోజుకు 1000 దాటకుండా. 30 కంటే తగ్గితే మానేయాలి. రంగు మందు ఎక్కించి సీటీ స్కాన్, యాంజియోగ్రామ్ చేసే ముందు మెట్‌ఫార్మిన్ వాడుతున్నామని చెప్పాలి. ఆపమంటే సాధారణంగా 48 గంటల తర్వాత కిడ్నీ పరీక్ష చూశాకే మళ్లీ మొదలుపెడతారు.

ఏళ్ల తరబడి వాడేవారిలో విటమిన్ బీ12 తగ్గుతుంది. అరికాళ్ల తిమ్మిరి, మంట అంటే షుగర్ నరాల మీద పడిందని అందరూ తేల్చేస్తారు. కొందరిలో అది బీ12 లోపం, ఇంజెక్షన్లకో మాత్రలకో తగ్గుతుంది. దానికి తోడు పొద్దున్నే పాంటొప్రజోల్ అనే ‘గ్యాస్ మాత్ర’ ఏళ్ల తరబడి వేసుకునేవారిలో, మాంసం, చేప, గుడ్డు ముట్టనివారిలో ఈ లోపం త్వరగా వస్తుంది. ఏడాదికోసారి బీ12 చూపించుకుంటే ఇది తేలిపోతుంది.

మూత్రంలో చక్కెర పోనిచ్చేవి

డాపాగ్లిఫ్లోజిన్ 10 మి.గ్రా., ఎంపాగ్లిఫ్లోజిన్ 10 లేదా 25. కిడ్నీలు బాగున్న షుగర్ రోగిలో ఇవి రోజుకు 60 నుంచి 80 గ్రాముల గ్లూకోజును మూత్రంలో పంపేస్తాయి. ఇవి వాడుతూ మూత్ర పరీక్ష చేయిస్తే చక్కెర మూడు ప్లస్‌లు వస్తుంది. అది మందు పనిచేస్తోందనడానికి గుర్తు. షుగర్‌ను దించడం కంటే గుండె వైఫల్యం, కిడ్నీ జబ్బు ముదరకుండా కాపాడటంలో వీటి విలువ ఎక్కువ. కిడ్నీ పని తగ్గినప్పుడు షుగర్ మీద ప్రభావం తగ్గినా, ఆ రక్షణ కోసం డాక్టర్లు కొనసాగిస్తారు. మొదలుపెట్టిన కొత్తలో ఈజీఎఫ్‌ఆర్ కొంచెం తగ్గి నిలబడటం మామూలే.

ఇబ్బందుల్లో మొదటిది మర్మాంగాల దగ్గర ఫంగస్: దురద, తెల్లని పొర, ఎరుపు. మన సముద్రపు ఉక్కలో ఇది ఇంకా తేలిగ్గా వస్తుంది. మూత్రానికి వెళ్లిన ప్రతిసారీ నీళ్లతో కడిగి పొడిగా తుడుచుకోవడం, కాటన్ లోదుస్తులు వాడటం చాలావరకు ఆపుతుంది. సిగ్గుపడి చెప్పకుండా మందు మానేసేవారు ఎక్కువ. చెబితే పైపూత మందుతో తగ్గుతుంది. ఫ్లూకోనజోల్ మాత్ర రాసినప్పుడు గ్లిమెపిరైడ్ కూడా వాడుతుంటే పైన చెప్పిన ముప్పు గుర్తుంచుకోవాలి. ఆ ప్రాంతంలో విపరీతమైన నొప్పి, వాపు, జ్వరం కలిసి వస్తే ఆలస్యం లేకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

రెండోది అరుదైనదే, అయితే మోసం చేస్తుంది. వాంతులు, ఉపవాసం, ఆపరేషన్, అన్నం పూర్తిగా మానేసే డైటు, అతిగా మద్యం: వీటిలో ఏది జరిగినా ఒళ్లు కొవ్వును కరిగించి కీటోన్లు అనే ఆమ్ల పదార్థాలు తయారుచేస్తుంది. ఈ మందు వాడేవారిలో అవి ప్రమాద స్థాయికి చేరినా గ్లూకోమీటర్ 180, 200 దగ్గరే ఆగుతుంది. ‘షుగర్ బాగానే ఉంది కదా’ అని వాంతులకు, కడుపునొప్పికి గ్యాస్ మందు వేసుకుని పడుకుంటే పరిస్థితి చేయి దాటుతుంది. వాంతులు, ఆయాసం, విపరీతమైన నీరసం ఉంటే అంకె ఎంతున్నా అత్యవసర విభాగానికి వెళ్లి ‘నేను డాపాగ్లిఫ్లోజిన్ వాడుతున్నాను, కీటోన్లు చూడండి’ అని చెప్పాలి. ముందే నిర్ణయించుకున్న ఆపరేషన్‌కి కనీసం మూడు రోజుల ముందు ఈ మందు ఆపుతారు.

మిగిలినవి క్లుప్తంగా

గ్లిప్టిన్లు నెమ్మదస్తులు. మూడు నెలల షుగర్‌ను అర శాతం నుంచి ముప్పావు శాతం దాకా దించుతాయి, బరువు పెంచవు, ఒంటరిగా వాడితే లో షుగర్ అరుదు, తినక ముందైనా తిన్నాకైనా వేసుకోవచ్చు. విల్డాగ్లిప్టిన్ 50 రోజుకు రెండుసార్లు, గ్లిమెపిరైడ్‌తో కలిపితే ఒక్కసారే. సిటాగ్లిప్టిన్ 100 మోతాదును కిడ్నీని బట్టి 50కి, 25కి తగ్గించాలి. లినాగ్లిప్టిన్ 5కి ఆ తగ్గింపు అక్కర్లేదు. పొట్ట పైభాగంలో వీపులోకి పొడిచే నొప్పి ఆగకుండా వస్తే మందు ఆపి క్లోమం వాపేమో చూపించుకోవాలి.

ధర సంగతి. మన దేశంలో విల్డాగ్లిప్టిన్ పేటెంటు 2019 డిసెంబరులో, డాపాగ్లిఫ్లోజిన్‌ది 2020 అక్టోబరులో, సిటాగ్లిప్టిన్‌ది 2022 జూలైలో, ఎంపాగ్లిఫ్లోజిన్‌ది 2025 మార్చిలో ముగిశాయి. ఆ తర్వాత జనరిక్‌లు వచ్చి ధరలు బాగా దిగాయి. ఖర్చు భరించలేక ఒకప్పుడు వద్దన్నవారు మళ్లీ అడిగి చూడొచ్చు. జన ఔషధి కేంద్రాల్లో మందు పేరు మీదే అమ్ముతారు కాబట్టి అక్కడికి కంపెనీ పేరుతో కాకుండా మందు పేరు, మిల్లీగ్రాములు రాసుకుని వెళ్లాలి.

పయోగ్లిటజోన్‌ను 2013 జూన్‌లో మన దేశంలో ఆపేసి, జూలై చివర్లో హెచ్చరికతో మళ్లీ అనుమతించారు. ఫలితం కనబడటానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. కాళ్ల వాపు, ఆయాసం, వారంలో రెండు కిలోల బరువు కనబడితే ఆపి చూపించుకోవాలి. గుండె వైఫల్యం, మూత్రాశయ క్యాన్సర్ ఉన్నవారికి, మూత్రంలో కారణం తెలియని రక్తం పడేవారికి ఇది వద్దు. వోగ్లిబోస్ మొదటి ముద్దతో వేసుకోవాలి, తిన్న గంటకి వేసుకుంటే గ్యాస్ తప్ప ఫలితం రాదు. అన్నం ఎక్కువగా తినే మనకు గ్యాస్ కూడా ఎక్కువే, తక్కువ మోతాదుతో మొదలుపెడితే కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. ఇన్సులిన్ పెంచి ఆకలి తగ్గించే సెమాగ్లుటైడ్ మాత్రకి నియమం కఠినం: పరగడుపున, 120 మి.లీ. మించని నీళ్లతో, ఆ తర్వాత అరగంట దాకా కాఫీ, వేరే మాత్రలు ఏవీ వద్దు. గ్లాసుడు నీళ్లతో మింగి వెంటనే టీ తాగితే అంత ఖరీదైన మందూ ఒంటికి పట్టదు.

షిఫ్టులు, వాంతులు, వాన

ఉక్కు కర్మాగారంలో, పోర్టులో, గాజువాక చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో షిఫ్టులు మారతాయి. చీటీలో ‘ఉదయం టిఫిన్‌కి ముందు’ అని ఉంటుంది. నైట్ డ్యూటీ దిగి పొద్దున ఏడింటికి నాలుగు ఇడ్లీలు తిని, మాత్ర వేసుకుని, సాయంత్రం నాలుగు దాకా పడుకునే మనిషికి గ్లిమెపిరైడ్ నిద్రలో పనిచేస్తుంది. నిద్రలో వచ్చే లో షుగర్‌ను గుర్తించేవారు ఉండరు. నిద్ర లేచాక తినే మొదటి పెద్ద భోజనంతో ముడిపెట్టడం మేలు. షిఫ్టు మారే రోజున ఒకే ఇరవైనాలుగు గంటల్లో రెండు మాత్రలు పడకుండా చూసుకోవాలి. షిఫ్టుల పట్టిక చూపిస్తే డాక్టరే వేళలు మార్చి రాస్తారు, లేదా ఈ తలనొప్పి లేని గ్లిప్టిన్‌కి మారుస్తారు. ఏ మాత్రైనా మరిచిపోతే తర్వాతి పూట రెండు కలిపి వేసుకోకూడదు.

వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజుకి ఒక కాగితం ముందే రాయించుకుని బీరువా తలుపుకి అంటించుకోవాలి. మామూలుగా అందులో ఉండేది ఇది: మెట్‌ఫార్మిన్, గ్లిఫ్లోజిన్ ఆపాలి, తినలేకపోతే గ్లిమెపిరైడ్ ఆపాలి, ఓఆర్‌ఎస్, చోడి (రాగి) అంబలి, గంజి కొంచెం కొంచెంగా పడుతూ ఉండాలి, నాలుగు గంటలకోసారి షుగర్ చూడాలి, 24 నుంచి 48 గంటలు మామూలుగా తిని తాగాక మళ్లీ మొదలుపెట్టాలి. ఒక రోజు దాటినా నీళ్లు నిలవకపోతే, మూత్రం తగ్గితే, అంకె 300 దాటి దిగకపోతే ఆసుపత్రికి. వేసవిలో విశాఖ ఎండకు చెమట కారిపోయినప్పుడు కూడా గ్లిఫ్లోజిన్ వాడేవారిలో బీపీ పడిపోవచ్చు. నీళ్లు మాని మజ్జిగ ఒక్కటే చాలనుకోకూడదు.

మందులు 30 డిగ్రీల లోపు, తడి తగలని చోట ఉండాలి. వంటగది అల్మారా, బాత్‌రూమ్ గూడు, స్కూటర్ డిక్కీ పనికిరావు. వానాకాలపు తేమకు విల్డాగ్లిప్టిన్ త్వరగా చెడుతుంది. కాబట్టి దాన్ని స్ట్రిప్ నుంచి తీసి వారం డబ్బాలో సర్దకుండా వేసుకునేటప్పుడే తీయాలి.

ఎప్పుడు మార్చాలి

మందు మొదలుపెట్టిన మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ చూడాలి. నిలకడ వచ్చాక ఆరు నెలలకోసారి. చాలామందికి గురి 7 శాతం లోపు. పరగడుపున 80–130, తిన్న రెండు గంటలకు 180 లోపు. ఏడాదికోసారి క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ చూడాలి. పాడేరు, అరకు వైపు నుంచి వచ్చేవారి విషయంలో ఒక జాగ్రత్త కావాలి. గిరిజన ప్రాంతాల్లో హిమోగ్లోబిన్ తేడాతో పుట్టుకతో వచ్చే సికిల్ సెల్ రక్త జబ్బు ఎక్కువ. ఆ హిమోగ్లోబిన్ ఉన్నవారిలో, బాగా రక్తహీనత ఉన్నవారిలో హెచ్‌బీఏ1సీ అంకె తప్పుదారి పట్టించవచ్చు. వారికి గ్లూకోమీటర్ రీడింగులే ఆధారం.

మాత్రలు పెంచుతున్నా పరగడుపు షుగర్ 250, 300 దగ్గర ఉండి, ఒళ్లు తగ్గిపోతుంటే, దాహం, అతిమూత్రం ఉంటే మరో మాత్ర చేర్చి నెల ఆగడం వృథా. అలాంటప్పుడు ఇన్సులిన్ మొదలుపెడతారు. కొందరిలో కొన్ని వారాల తర్వాత క్లోమం తేరుకుని మళ్లీ మాత్రలతోనే సరిపోతుంది. మూలికల పొడి వాడగానే అంకె వారంలో సగానికి దిగితే మాత్రం సంతోషించేముందు అనుమానించాలి. అలాంటి పొడుల్లో గ్లిబెన్‌క్లమైడ్ కలిపి అమ్మినట్టు పలు దేశాల ఔషధ నియంత్రణ సంస్థలు పట్టుకున్నాయి.

బరువు తగ్గినప్పుడు, తిండి తగ్గినప్పుడు, కిడ్నీ మందగించినప్పుడు మోతాదు కిందికీ రావాలి. డెబ్బై ఐదేళ్లు దాటి, ఒంటరిగా ఉంటూ, రెండు పూటలే తినే పెద్దవారికి హెచ్‌బీఏ1సీ 8 దాకా ఉన్నా చాలంటారు. అటువంటివారి రిపోర్టులో 6.2 కనబడి, చీటీలో గ్లిమెపిరైడ్ ఉంటే, తర్వాతిసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు మొదట తగ్గించమని అడగాల్సిన మందు అదే.